రెండో వరుసలో శ్రీకారం

1972 జూలై 3, సోమవారం.
శ్రీ

పై తేదీన శ్రీమతి రత్నకుమారి గారు బందరులోని మా తీరప్రాంత సహకార సమాఖ్య కార్యాలయంలో టైపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. పైన ఉండవలసిన శ్రీకారం రెండో వరుసలోకి దిగిందేమని పెద్దలు ఆగ్రహించవద్దని మనవి. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇరవై రెండేళ్లపాటు వారి చేతిమీదుగా వెలువడిన కాగితమేదీ తప్పు దిద్దించుకోవడానికి వెనక్కి రాలేదు. 1994లో కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమంతా వాటికి గుడ్డ కప్పి దుమ్ము పడకుండా కాపాడుతుంటే, వారు ఆ గుడ్డ తీసి పని మొదలుపెట్టారు. యాభయ్యో ఏట జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారు.

వేటకు వెళ్లి తిరిగొచ్చిన మత్స్యకారుల జాబితా రాసే ప్రోగ్రాముకూ, గుడివాడ రైతుల కాలువ నీటి వంతులు రాసే ప్రోగ్రాముకూ పేర్లను సరిచూసే లైబ్రరీ అనే ఉమ్మడి భాగం ఒక్కటే. దాన్ని జార్ అనే ఒకే ఫైలుగా కట్టేవాళ్లం. మా నోట అది జాడీ అయింది. దిద్దిన ప్రతిసారీ జాడీని సీడీలోకి ఎక్కించి శాఖలకు బస్సులో పంపేవాళ్లం.

2004 అక్టోబరులో వాయుగుండం పట్టిన రోజున, హంసలదీవి వైపు పల్లె నుంచి కొండమ్మ అనే ఆమె బందరు వచ్చింది.

"మా ఆయన పోతయ్య ఇంకా ఒడ్డుకి రాలేదండి. మీ అవనిగడ్డ ఆఫీసులో వచ్చేశాడని కాయితం చూపించి పంపేశారండి. ఎతకడానికి ఎవరూ ఎల్లట్లేదండి!"

ఆ పల్లెలో పోతయ్యలు ఇద్దరు. ఒకరు రాగానే పాత జాడీ ఇద్దరూ వచ్చేసినట్టు రాసింది. ఆ తప్పును రత్నకుమారి గారు నెల ముందే దిద్దారు. దిద్దిన సీడీ అవనిగడ్డ బీరువాలో భద్రంగా ఉంది! వారు అప్పటికప్పుడు ఫోన్లు చేసి పడవ పంపించారు. సాయంత్రానికి పోతయ్య క్షేమంగా దొరికాడు. ఆ రోజు వారు అన్నం ముట్టలేదు.

"దిద్దేశానని సంబరపడ్డానండీ. అందిందో లేదో చూసుకోలేదు" అన్నారు నాతో.

ఆ సీడీ పంపి ఊరుకున్నది నేను. ఆ మాట వారు ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. అందుకే ఇక్కడ నేనే రాస్తున్నాను.

ఆపైన వారు పట్టుబట్టి ఒక ఏర్పాటు తలపెట్టారు. దిద్దుబాటు పూర్తి కాగానే కంప్యూటరే దాన్ని పరీక్షించి, జాడీ కట్టి, వరుస సంఖ్య వేసి, రిపాజిటరీ అనే ఉమ్మడి చోట పెడుతుంది. శాఖల కంప్యూటర్లు రోజూ పొద్దున్నే ఫోను లైను మీద కొత్తది తెచ్చుకుంటాయి. వేట నిషేధం ముగిసే 2005 మే 31 లోగా ఇది నడవకపోతే మళ్లీ సీడీలేనని డైరెక్టరు గారు తేల్చి చెప్పారు.

మే 30 ఉదయం వారు జాడీ వివరాల ఫైలును శుభ్రంగా తిరగరాసి నడిపించగానే మిషను మొండికేసింది. ఫైలు మొదట్లో ఉండకూడనిదేదో ఉందన్నది. ఆ మాట నమ్మక వైర్లు మార్చాం, టెలిఫోను వాళ్లను తిట్టుకున్నాం. చివరికి ఫైలు తెరిచి చూస్తే, అలవాటు చొప్పున మొట్టమొదట శ్రీ!

"మొదటి వరుసలో మిషను సొంత గుర్తే ఉండాలట. అది తీసేయాలండీ మేడం" అన్నాను.

"ముప్ఫై మూడేళ్లుగా శ్రీ లేకుండా ఏదీ మొదలెట్టలేదండీ, జగన్మోహనరావు గారూ" అని కాసేపు ఆలోచించి, "రెండో వరుసలో రాస్తే ఊరుకుంటుందేమో మీ మిషను, కనుక్కోండి" అన్నారు.

మిషను చదవకుండా వదిలేసే గుర్తుల మధ్య రెండో వరుసలో రాశాం. ఊరుకుంది. మర్నాడు పొద్దున అవనిగడ్డ నుంచి ఫోను వచ్చింది: కొత్త జాడీ దానంతటదే దిగిందట. ఆ ఏడాది వేట మొదలైన రోజున జాబితాలో పోతయ్యలు ఇద్దరూ విడివిడిగా వెళ్లారు, విడివిడిగా వచ్చారు. ఈ నాలుగేళ్లలో ఒక్కనాడూ కలిసిపోలేదు.

ఈ రోజు, 2009 జూన్ 30న, వారు పదవీ విరమణ చేస్తున్నారు. మాకు బెంగగానే ఉంది. రేపటి నుంచి ఆ ఫైలు నా చేతికి వస్తోంది. శ్రీ రెండో వరుసలోనే ఉంటుంది. అందిందో లేదో కూడా ప్రతిరోజూ నేనే చూసుకుంటాను. మీరు ఆ చింత మాకొదిలేసి, వేళకు అన్నం తింటూ, మీవాళ్ల మధ్య ఆరోగ్యంగా నూరేళ్లూ చల్లగా ఉండండి, మేడం.