నత్త పేట రైలు, తాబేలు పేట బస్సు

ఫ్లోరెన్స్ బస్టాండు. సియెనాలో పేటకీ పేటకీ జరిగే గుర్రప్పందేనికి ముందురోజు పొద్దున. టికెట్ల వరుసలో నా ముందు ఒకాయన, ఒకామె.

“నువ్విక్కడేంటి? నీది రైలు కదా!”

“ఈసారి బస్సే.”

“ఎంపోలీలో మారితే రైలూ బానే ఉంటుంది. మీ నత్త పేటవాళ్లకి తొందరెందుకూ?”

“రైలు కొండ కింద దింపేస్తుంది, బస్సు ఊళ్లోకే పోతుంది. ఈ పదకొండేళ్లూ ఆ సుఖం మీ తాబేలు పేటదే.”

“మన పేటలకి పడదు. ఇద్దరం కలిసి దిగితే మావాళ్లు నన్ను బతకనిస్తారా? పందెం నాలుగు రోజులూ ఎవరి అమ్మగారింట్లో వాళ్లం ఉందామని ఒప్పుకునేగా పెళ్లి చేసుకున్నావు!”

“ఒప్పుకున్నాను. నేను ఆస్పత్రిలో పడుంటే పాపని ఎత్తుకెళ్లి, మీ పేట ఫౌంటెన్ నీళ్లు తలమీద పోయించి, తాబేలు కండువా కప్పి, మీ పేటపిల్లని చేసి తెస్తావని ఒప్పుకున్నానా?”

“ఎనిమిదేళ్లయింది. ఇంకా అదేనా?”

“అది నన్ను ‘నత్తా’ అని వెక్కిరిస్తోంది. నా కడుపున పుట్టింది!”

“పందెం రోజుల్లో పిల్లలందరూ అంటారు.”

“అది పందేల్లేని డిసెంబర్లో కూడా అంటుంది.”

“నేను తర్వాతి బస్సుకి వస్తాలే. మావాళ్లెవరైనా చూస్తే...”

“చూడనీ. పెళ్లాంతో దిగితే కదా నీకు తలవంపులు! విడాకుల కాయితాలమీద సంతకాలు పెట్టి నెలయింది. ఇప్పుడు నేను పక్క పేట ఆడదాన్ని, అంతే. నా పక్కనే కూర్చో, ఎవరూ ఏమీ అనరు.”