ఇంకా ఎవరికీ ఇవ్వని తన్ను

నా పేరు బొడ్డేపల్లి శరణ్య, వయసు ముప్పై మూడు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంట్‌ని. అమ్మానాన్నలతో జనక్‌పురిలో ఉంటున్నాను. మా తమ్ముడు ఉదయ్‌కిరణ్ కనబడటం లేదని 2025 జూన్ 12న ఫిర్యాదు ఇచ్చింది నేనే. అతను దొరికాడు. హెడ్ కానిస్టేబుల్ సునీల్ గారు ఎలా దొరికాడని అడిగినందున జరిగింది చెబుతున్నాను.

ఉదయ్ కరోల్ బాగ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాడు. 11వ తేదీ సాయంత్రం ఫలితాలు వచ్చాయి. నాలుగోసారి కూడా ప్రిలిమ్స్ పోయింది. 6:40కి నాన్నకు ఫోన్ చేశాడు. ఏమన్నారని నాన్నను మూడుసార్లు అడిగాను. "సరేలే" అన్నారట, అంతే. తర్వాత వాడి ఫోన్ స్విచ్ఛాఫ్. మర్నాడు నేనూ నాన్నా వెళ్తే గదికి తాళం. "నిన్న సాయంత్రం బ్యాగుతో వెళ్ళాడు దీదీ" అన్నారు పక్కగదివాళ్ళు. బ్యాగు తీసుకెళ్ళాడంటే మంచిదేనని నాన్నతో అన్నాను. దారి పొడుగునా అదే అన్నాను.

నాన్న సైన్యంలో ఉండగా, కంటోన్మెంట్ సదర్ బజార్ దుకాణంలో నాణెం వేసి ఆడే ఫైటింగ్ గేమ్ ఒకటి ఉండేది. ఎడమపక్క ఒక మల్లుడు, కుడిపక్క ఒకడు, కొట్టుకోవడమే. ఆ మెషీన్ ఎప్పుడో పోయింది. ఐదేళ్ళుగా ఆ ఆటను మేమిద్దరం కంప్యూటర్‌లో మళ్ళీ తయారు చేస్తున్నాం. అమ్మడానికి కాదు, ఇష్టంకొద్దీ. అదంటే పిచ్చి ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఆడుకుంటారు. కోడ్ వాడు రాస్తాడు, బొమ్మలు నేను గీస్తాను. ఒక్క తన్నుకు పధ్నాలుగు బొమ్మలు.

13న సెలవు పెట్టాను. మధ్యాహ్నం 2:20కి ఏమీ తోచక లాప్‌టాప్‌లో మా ఆట తెరిచాను. పేరు లేని ఎవరో పోటీకి పిలిస్తే ఆడాను. రెండో రౌండ్‌లో అవతలి మల్లుడు గాలిలో తిరిగి ఒక తన్ను తన్నాడు. ఆ తన్ను నేను ఆదివారమే గీసి ఉదయ్‌కి పంపాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మా ఇద్దరి దగ్గర తప్ప ఎక్కడా లేదు.

"ఒరేయ్ ఉదయ్, నువ్వేనా?" అని టైప్ చేశాను.

"తన్ను బాగా కుదిరిందక్కా. నాలుగో బొమ్మలో మోకాలు వంకర."

"సరిచేస్తాలే. ఎక్కడున్నావు?"

మూడో రౌండ్ మొదలైంది. నేను మీటలు ముట్టుకోలేదు. వాడూ కొట్టలేదు. మల్లులిద్దరూ ఊరికే ఊపిరి పీలుస్తూ నిలబడ్డారు. రౌండ్ గడియారం తొంభై తొమ్మిది నుంచి సున్నాకు వచ్చింది. అప్పుడు రాశాడు: "మునిర్కా. దీపు రూమ్. నాన్నకి మొహం చూపించలేనక్కా."

దీపు వాడి కాలేజీ స్నేహితుడు. నేనూ నాన్నా మెట్రోలో వెళ్ళి 3:45కి ఆ గది తలుపు తట్టాం. ఉదయ్ నేల మీద కూర్చుని నూడుల్స్ తింటున్నాడు. చెంప మీద ఒక్కటి కొట్టాను. ఇది కూడా రాయమంటే సునీల్ గారు నవ్వి, "వో తో బన్‌తా హై, మేడమ్" అన్నారు, ఆ మాత్రం పడాల్సిందేనని. కొట్టాక నేనే ఏడ్చాను, వాడు కాదు.

నాన్న బూట్లు కూడా విప్పకుండా వాడి పక్కన కూలబడ్డారు. "ఇంకొంచెం ఉందా బాబూ? రెండు రోజులైంది తిని" అని దీపుని అడిగారు. ఉదయ్ తన పళ్ళెం ఆయన ముందుకు జరిపాడు.

వాణ్ణి ఎవరూ తీసుకెళ్ళలేదు, ఎవరూ దాచలేదు. ఎవరి మీదా అనుమానం లేదు. ఫిర్యాదు మూసివేయమని కోరుతున్నాను. పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం) బి. శరణ్య
14-06-2025, ఉదయం 11:10
జనక్‌పురి, న్యూఢిల్లీ