చెట్టుకు కట్టిన లక్కపిడతలు

డాలస్ దగ్గర ఓ పాత థియేటర్లో క్రిస్మస్ చెట్ల పండగ ముగిసింది. తెలుగువాళ్ల తరఫున తామిద్దరూ ముస్తాబు చేసిన చెట్టు దగ్గర భార్య అట్టపెట్టె తెరుచుకుని కూర్చుంది. ఆమెకు ఎలా చెప్పాలో భర్తకు పాలుపోలేదు.

"పిడతలు విప్పకు. రాఫిల్‌లో లాటరీ తగిలి మన చెట్టు ఓ పాపకొచ్చింది."

"చెట్టు తీసుకెళ్లమనండి. నా లక్కపిడతలు నాకిస్తే చాలు."

"చెట్టంటే, దాని మీదున్నవన్నీ కలిపేనట."

"అదేంటండీ! కొలువు ఎత్తేశాక ఎవరి బొమ్మలు వాళ్లు తెచ్చుకోరూ?"

"నేనూ అలాగే అనుకున్నా. పండగ పెట్టినవాళ్లు ముందే చెప్పారట, మన బుర్రకే ఎక్కలేదు."

"అవి మా అమ్మ చిన్నప్పుడు ఆడుకున్నవని చెప్పారా?"

"ఎక్స్‌ప్లెయిన్ చేద్దామనే వెళ్లాను. చెట్టు అవతల ఆ పాప అప్పటికే మన బుల్లి గిన్నెలో ఉత్తుత్తి వంట మొదలెట్టేసింది. చూసి వచ్చేశానే."

ఆమె అటు తొంగిచూసి, పెట్టె అతని చేతిలో పెట్టింది.

"ఇదీ ఇచ్చేయండి."

"ఇందులో మీ అమ్మ పాతచీర ముక్కలున్నాయి కదే!"

"వాటిల్లో చుట్టి పెట్టకపోతే లక్క పెచ్చులూడిపోతుంది. పాపం, వాళ్లకేం తెలుసు?"