కృపావతి పెట్టుకోని పూలు

సభకు పెద్దగా కూర్చున్న డిపో మేనేజరు మధుసూదనరావుగారికి, ప్రార్థన చేసిన మా పాస్టరుగారికి, డ్రైవర్లకు, కండక్టర్లకు, గ్యారేజీలో పని ఆపి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మెకానిక్కులకు, బంధువులకు, అందరికీ ఈ ముసలి నతానియేలు నమస్కారాలు. ముందుగా దేవునికి స్తోత్రం. ఎనభై నాలుగేళ్ల వయసులో కూతురి రిటైర్మెంటు సభలో మాట్లాడే భాగ్యం ఎంతమంది తండ్రులకు దొరుకుతుందండీ! నేను చదివింది ఐదో తరగతి. ఘంటసాల దగ్గర కాలవ మీద లస్కరుగా తలుపులెత్తి నీళ్లు వదలడం నా ఉద్యోగం. అక్కడ ప్రసంగాలతో పనిలేదు. మేనేజరుగారు ఐదు నిమిషాలన్నారు. మీ బస్సులు ఎప్పుడైనా చెప్పిన టైముకి వచ్చాయా అండీ? (నవ్వులు)

మా కృపావతి కండక్టరుగా ఎన్ని టికెట్లు కొట్టిందో మీకు తెలుసు. ఎన్ని పూలు పంచిందో నాకు తెలుసు. మా దొడ్డి చిన్నదే, అయినా కాలవ గట్టు మన్ను తట్టలతో మోసి పోసుకుని కనకాంబరాలు, విరజాజులు, చేమంతులు, మరువం, దవనం పెంచింది. తెల్లవారకముందే లేచి మొక్కలకు నీళ్లు పోసి, కోసిన పూలు తడిగుడ్డలో చుట్టుకుని డ్యూటీకి వచ్చేది. బస్సులో ఎవరికైనా వాంతి వచ్చేలా ఉంటే నిమ్మాకూ మరువం కలిపి కట్టిన చిన్న కట్ట చేతిలో పెట్టి "వాసన చూస్తా కూర్చోండి పిన్నీ, పామర్రు వచ్చేస్తోంది" అనేది. ట్రాన్స్‌ఫరై వెళ్లేవాళ్లకే కాదు, తెలిసినవాళ్లందరికీ ఎండిన దవనం, వట్టివేళ్లు పాత చీర ముక్కల్లో చిన్న సంచులుగా కుట్టి బట్టల పెట్టెలో పెట్టుకోమని ఇచ్చేది. ఈ హాల్లో ఆ సంచి అందుకోనివాళ్లు చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు!

ఇదిగో, ముక్తార్ గారు, పదేళ్లు దాని బస్సు నడిపిన డ్రైవరు. తల వంచుకుంటే కుదరదండీ, మీ సంగతే చెప్పబోతున్నాను. "అక్కయ్యా, నీ పూలబుట్టకి టికెట్టు ఏదీ?" అని ఈయన రోజూ ఏడిపించేవారట. "దానికి స్టాఫు పాసుంది, నువ్వు రోడ్డు చూసి తోలు" అనేదట ఇది. ఒకరోజు పామర్రులో ఒక పెళ్లికూతురు ఎక్కింది. ముందు ఎక్కిన బస్సులో పూలబుట్ట మరిచిపోయారట, తల్లి ఒకటే ఏడుపు. మా అమ్మాయి గబగబా టికెట్లు కొట్టేసి, ఇంజను పక్కన కూర్చుని, అరటినార కొస కాలి బొటనవేలికి చుట్టుకుని దండ కట్టడం మొదలుపెట్టింది. ఈయన బస్సును ఊరేగింపు రథంలా నడుపుతూ, "గుంట వస్తోంది అక్కయ్యా, ముడి బిగించు!" అని కేకలు. గుడివాడ చేరేసరికి ఇరవై నిమిషాలు లేటు, పిల్ల తలనిండా పూలు. మేనేజరుగారూ, అప్పుడు మీరు ఈ డిపోలో లేరు, రాసుకోకండి. (నవ్వులు)

ఇంతవరకు నవ్వే మాట. పోయిన నెల ముక్తార్ గారు ఈ సభకు పిలవడానికి మా ఇంటికి వచ్చి, ఆ పెళ్లికూతురు కథ చెబుతూ చివర ఇంకో మాట అన్నారు. దిగేటప్పుడు ఆ పిల్ల "మీరూ ఒక మూర పెట్టుకోండి అక్కా" అందట. "నాకు పూలు పడవమ్మా, తుమ్ములొస్తాయి" అందట మా కృప. దొడ్డినిండా పూలు పెంచే మనిషికి తుమ్ములా అండీ? అది నన్ను కాపాడడానికి ఆడిన అబద్ధం.

ఆ రోజుల్లో మా సంఘంలో ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకునేవారు కాదు. ఆ పద్ధతిని తప్పుపట్టడానికి నేను నిలబడలేదు, నా సంగతి చెప్పుకోవడానికి నిలబడ్డాను. కృపకు పద్నాలుగేళ్లు. నన్ను సంఘ పెద్దగా పెట్టిన మొదటి ఆదివారం. పక్కింటి నాగూర్ బీ ముచ్చటపడి దాని జడలో మూరెడు విరజాజులు తురిమింది. అప్పటి పాస్టరుగారు చూసి నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. మందిరం గుమ్మంలో, నలుగురూ చూస్తుండగా, ఆ పూలు లాగి కాలవలో విసిరేశాను. దేవుడంటే భయంతో చేశాననుకున్నాను ఇన్నేళ్లూ. కాదండీ. కొత్త పెద్దరికం, నలుగురూ ఏమంటారోనన్న బెంగ.

పిల్ల ఏడవలేదు. వారం పోయాక వచ్చి, "నాన్నా, పెట్టుకోకూడదు, సరే. పెంచచ్చా? ఎవరికైనా ఇవ్వచ్చా?" అని అడిగింది. "ఇవ్వడం మంచిదేగా" అన్నాను. అంతే. నాగూర్ బీ దగ్గర కూర్చుని కట్టడం నేర్చుకుంది, నలభై ఆరేళ్లుగా ఇస్తూనే ఉంది. తన పెళ్లినాడు కూడా ఒక్క పువ్వు పెట్టుకోలేదు. తరవాత పద్ధతులు మారాయి, మా మందిరంలో ఆడపిల్లలు పూలతో వస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. మా కృప మాత్రం నేను పెట్టుకోమని చెప్పలేదని పెట్టుకోలేదు. నేను సిగ్గుపడి చెప్పలేదు.

అమ్మా కృపా, ఈ పొద్దున మన దొడ్లో విరజాజి మొగ్గలు కోసి నేనే కట్టాను. కాలవ తలుపుల తాళ్లకు వేసే ముళ్లే వేశాను, నాకు అవే వచ్చు. పెట్టుకోమని నా ఆజ్ఞ కాదు. ఆజ్ఞలు వేసే హక్కు ఆ ఆదివారమే పోగొట్టుకున్నాను. నలుగురిలో తీశాను కనుక నలుగురిలోనే అడుగుతున్నాను. వద్దనిపిస్తే "వద్దు నాన్నా" అను, నేను కూర్చుంటాను.

ఏమంటోంది? "జుట్టెక్కడుంది నాన్నా, ఎలక తోకంత మిగిలింది" అంటోంది. (నవ్వులు) ఇలాగే నవ్వించి తప్పించుకుంటుందండీ ఎప్పుడూ.

లేచింది. వస్తోంది. జారిపోకుండా పిన్ను కావాలట, ఎవరి దగ్గరైనా ఉందా అమ్మా? ఒక్కటి చాలు! కండక్టరమ్మ వీరలక్ష్మిగారూ, మీరందరూ ఇలా పిన్నులు పీకి ఇచ్చేస్తే మీ జుట్లు ఏం కావాలి? సంతోషం తల్లీ, అందరికీ సంతోషం. నాకు జడలో పూలు పెట్టడం రాదు, మీలో ఎవరైనా పెట్టండి అంటే ఒప్పుకోవడం లేదు, నన్నే పెట్టమంటోంది.

నన్ను ఇంతసేపు భరించినందుకు ధన్యవాదాలండీ. ఈ మైకు ఎవరైనా పట్టుకోండి, నాకు రెండు చేతులూ కావాలి. సెలవు.