పెరటి గోడ మీంచి వచ్చిన నినాదం

అదిగో, మళ్ళీ అదే చూపు! కళ్ళజోడు పైనుంచి చూడటం ఫోటోలోకెళ్ళినా మానరా మీరు? అద్దం తుడుస్తున్నాను, కాస్త ఓర్చుకోండి.

మీ మిల్లు సంఘం కార్యదర్శి వచ్చాడండీ పొద్దున. మీ మీద పుస్తకం వేస్తారట. "అమ్మా, అయ్యగారు మంత్రి పదవి వదిలేసిన రోజున మొదటి నినాదమిచ్చిందెవరు?" అని ఒకటే గొడవ. ఏం చెప్పను?

ఆ పొద్దు గుర్తుందా? మిల్లు మూసుకోమని యజమానికి అనుమతిచ్చే ఫైలు మన అన్నాల బల్ల మీదే ఉంది. పదింటికల్లా సంతకం కావాలి. ఇరవయ్యేళ్ళు ఆ మిల్లు గేటు ముందు గొంతు చించుకున్న మనిషి, పెన్ను మూత తీస్తూ, పెడుతూ! "పైవాళ్ళ మాట, నీకు తెలీదు లేవే" అన్నారు. నాకా తెలీదు? పెళ్ళికి ముందు ఆరేళ్ళు అక్కడ దారం కండెలు చుట్టలేదూ? మీరు నన్ను మొదట చూసింది అక్కడే కదూ?

"బట్టలు ఆరేసొస్తా" అని పెరట్లోకెళ్ళాను. గోడవతల సందులో మా కండెల విభాగం ఆడవాళ్ళు, నలభై మంది. ఒక్కరికీ నోరు పెగలదు. "మన అన్న మీదే ఎలా అరుస్తాం వదినా?" అంటారు.

బట్టలుతికే బండెక్కాను. నోట్లో నాలుక లేనిదాన్నని మీరే అంటారుగా, ఆ నోటితోనే...

"మంత్రిగారి మొండివైఖరి!"

అవును, "గారి" అనే అన్నాను. మొగుణ్ణి పట్టుకుని ఇంకెలా అంటారు?

వాళ్ళు అందుకునే లోపే ఇంట్లోంచి ఖంగుమని మీ గొంతు: "నశించాలి!"

కిటికీలోంచి చూశానుగా. పిడికిలి పైకి, పిడికిట్లో పెన్ను, గోడంతా సిరా! మీ మీద మీరే అరిచారని తెలిసేసరికి మీ మొహం... అబ్బ! సందులో నలభై మందీ ఒకటే నవ్వు. మీరు పరుగున వచ్చేసరికి నేను తీగ మీద మీ చొక్కాయే దులుపుతున్నాను, ఏమీ ఎరగనట్టు.

సంతకం పెట్టలేదు. పదవే వదిలేశారు. మిల్లు ఇంకో పదకొండేళ్ళు నడిచింది. సిరా పడ్డ ఆ గోడకి మాత్రం నేటికీ సున్నం వేయనివ్వలేదు నేను.

దేవుడికి ఆ సాయంత్రమే చెప్పుకున్నాను. ఆయన నవ్వే ఉంటాడు. మీకే ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను. ప్రతి సభలోనూ "ఆ మొదటి నినాదమిచ్చిందెవరో కనబడితే చేతులెత్తి దండం పెడతా" అంటుంటే, ముందు వరసలో కూచుని తల దించుకునేదాన్ని. సిగ్గనుకున్నారు మీరు. నవ్వాపుకోలేకండీ!

సరే, చెప్పేశాను. ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నాను.

ఏం లాభం లెండి. భుజాల దాకానే తీశాడు ఫోటోవాడు. చేతులు రాలేదు.