లింగన్న అందుకున్న నామం

సభకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ముందు వరుసలో కూర్చున్న బుచ్చవ్వ వదినా, బిడ్డా ప్రవీణా! ఇంటి పెద్దను పోగొట్టుకున్న మీ దుఃఖం ముందు ఈ ఐలయ్య మాట ఎంత? అయినా మైకు నా చేతికిచ్చారు. లింగన్న బతికుండగా ఈ గుడిలో మైకు ముందుగా నా చేతికి వచ్చింది లేదు. ఇవాళ వచ్చింది. అదీ ఆయన గురించి మాట్లాడమని!

ఈ మార్కండేయ గుడి మండపం ఒకసారి చూడండి. కాలు పెట్టే సందు లేదు. కోరుట్ల భజన మండలి వాళ్లు వ్యాను కట్టించుకొని వచ్చారు. జగిత్యాల నుంచి వచ్చారు. ముస్తాబాద్ వాళ్లు ఆటోల్లో వచ్చారు. మన సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు సగం పొద్దటి నుంచి బంద్. నేను పోతే ఇంతమంది వస్తారా? రారు. నాకు తెలుసు, మీకూ తెలుసు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని ఊరికే అన్నారా? మిమ్మల్నందరినీ చూస్తుంటే ఏడుపు వస్తోంది, దాంతోపాటు కడుపూ మండుతోంది. సంతాప సభలో అనాల్సిన మాటేనా ఇది? కాదు. కానీ ఆ మనిషి ముందు నేనెన్నడూ దాచుకోలేదు. ఆయన ఫొటో ముందు దాచుకుంటానా?

మేమిద్దరం ఒకే షెడ్డులో, పక్కపక్క సాంచాల మీద బట్ట నేసినవాళ్లం. ఒకే గురువు దగ్గర భజన నేర్చుకున్నవాళ్లం. ఇద్దరం మింగింది అదే దూది దుమ్ము. మరి దేవుడు గొంతు ఒక్కడికే ఎందుకు ఇచ్చాడు? సాంచాల మోతలో పక్క మనిషి అరిచినా వినపడదు కదా. లింగన్న కూనిరాగం వినపడేది! నా ఇంటి మనిషి బాలవ్వ ఒకనాడు నా మొహం మీదే అన్నది: "లింగన్న పాడితే ఏడుపస్తది, నువ్వు పాడితే నిద్రస్తది." కట్టుకున్నదే ఇట్లా అంటే ఇంక ఊరికి ఏం చెప్పను?

సప్తాహం సంగతి మీకు తెలియంది కాదు. శ్రీరామనవమికి ఏడు రోజులు ఈ మండపంలో రామనామం తెగకుండా నడవాలి. ఒక మండలి ఆపకముందే ఇంకో మండలి అందుకోవాలి. నడుమ తెగిందా, అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. కలశం కదిపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడు రోజులకు మొదటి నామం ఎత్తే హక్కు ఏటా లింగన్నదే. ఏటా! నేను కొత్త పంచె కట్టుకొని, నోట్లో మిరియాలు వేసుకొని ఎదురుచూసేవాణ్ని. పెద్దలు తిన్నగా ఆయన దగ్గరికే పోయేవాళ్లు.

ఒక ఏడాది మధ్యాహ్నం వంతు మా మండలిది. పక్కన అన్నదానం పంక్తి నడుస్తోంది. అంతలో నా గొంతు పూడుకుపోయింది. నేను ఎత్తితేనే కదా వెనుకవాళ్లు అందుకునేది? నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. నామం తెగిపోతోంది. అప్పుడు భోజనాల పంక్తిలో నుంచి లేచింది లింగన్న గొంతు. గొంతే లేచింది, మనిషి లేవలేదు. పంక్తి నడుమ లేస్తే పక్కవాళ్ల భోజనం చెడుతుంది. ఎంగిలి చెయ్యి తాళాలకు తగలకూడదు. అందుకని విస్తరి ముందు కూర్చునే, ఎడమ చేత్తో తొడ మీద దరువు వేస్తూ నామం అందుకున్నాడు. పంక్తి పంక్తంతా పప్పన్నం వదిలేసి ఆయన వెనుక పాడింది.

తర్వాత ఒక పెద్దమనిషి, ఎంగిలి నోటితో నామం ఎట్లా ఎత్తావని గట్టిగానే అడిగాడు. లింగన్న ఏమన్నాడు? "నోరు ఎంగిలైతది గని, నామం ఎంగిలైతదా?" అన్నాడు.

ఈ మాట నాకెందుకు తట్టలేదు అయ్యా? ఇప్పుడు కోరుట్లలో చెప్పుకుంటారు, జగిత్యాలలో చెప్పుకుంటారు. ఆనాడు గొంతు పోయింది ఐలయ్యది అని కూడా మరిచిపోకుండా చెప్పుకుంటారు!

ఇంకొకటి. కోనరావుపేట నుంచి దేవవ్వ అనే ముసలమ్మ వచ్చింది. కొడుకు వేణు దుబాయ్‌లో జ్వరంతో పడి ఉన్నాడు. గుడి మెట్ల మీద నన్ను చూసి "నువ్వేనా లింగయ్యవు?" అంది. కాదమ్మా, నేను ఐలయ్యను, నేనూ పాడతాను అన్నాను. "గట్లనా బిడ్డా, మరి లింగయ్య ఏడి?" అంది. లింగన్న ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టించి ఆ పిల్లవాడికి భజన వినిపించాడు. అవతల వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కన నిలబడి నేనూ ఏడ్చాను. ఆ పిల్లవాడి కోసం సగం, నా కోసం సగం.

చివరికి ఆయనకూ గొంతుకే జబ్బు వచ్చింది. కరీంనగర్ దవాఖానాలో చూడబోయాను. దిండు కింద నుంచి ఇత్తడి తాళాలు తీసి నా చేతుల్లో పెట్టాడు. గాలితో, గుసగుసగా అన్నాడు: "పట్టు తమ్మీ. ఒక్కపారి ఆగినోనికే ఆ భయం తెలుస్తది. నువ్వు మల్ల ఆపవు."

విన్నారా? బాగా పాడతావు అనలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ముసలివాణ్నయ్యాను, పోయేముందు కూడా అనలేదు! నేను జీవితమంతా ఆశపడ్డ మొదటి నామం గెలుచుకొని తెచ్చుకుందామనుకున్నాను. ఈ తాళాలతో దాన్ని కూడా ఆయనే ఇచ్చిపోయాడు. ఇచ్చే దగ్గర కూడా నాకంటే పెద్దవాడయ్యాడు. ఈ మనిషి మీద కుళ్లుకోక ఏం చెయ్యమంటారు? ఇప్పుడు ఎవరి మీద కుళ్లుకోమంటారు?

అయ్యలారా, అమ్మలారా! ఈ మండపంలో ఆయన ఉన్నంతకాలం నామం తెగలేదు. మళ్లీ ఆపవు అని ఆయన నమ్మిన ఈ నోటితోనే ఇప్పుడు మిమ్మల్ని ఆపమంటున్నాను. లేవండి. పిల్లలను కూడా నిలబెట్టండి. రెండు నిమిషాలు పెదవి కదపకండి. ఆయన తాళాలు నా చేతుల్లోనే ఉన్నాయి. రెండు నిమిషాలు కాగానే నామం నేను ఎత్తుతాను. లింగన్న లాగా లేదని మీరు అనుకుంటారు. నేనూ అనుకుంటాను. అనుకుంటూనే అందుకోండి, తెగనియ్యకండి.