ఆటలమ్మ మచ్చలు

తిరువూరులో, డెబ్భై నాలుగులో, పోయిన నెల ప్రేమకుమారిని తన కొడుక్కి వద్దనుకుని పోయిన జోజమ్మ, పెనుగొలను బస్సు దిగి తిన్నగా ఆ పిల్ల కుట్టుమిషను పక్కకే వచ్చి కూర్చుంది. ఏం పనిమీద వచ్చారని ఆ పిల్ల అడిగింది.

"అదేనమ్మా, ఊరికే. నిన్నోసారి చూసి పోదామని."

"పోయిన నెల చూశారు కదండీ. మొహాన కొత్తగా పడ్డ ఆటలమ్మ మచ్చలున్నాయన్నారు."

"వద్దని ఎప్పుడన్నాను? ఆలోచించి చెబుతామన్నాం."

"ఆలోచించారా మరి?"

"ఆలోచిస్తూనే... మిషను తొక్కవేం? నా వల్ల పని ఆగిందా?"

"చెయ్యి కాస్త నొప్పిగా ఉందిలెండి. మీ అబ్బాయి దేవానందం గారు బావున్నారా?"

"ఏం బాగు. వాడు పాఠాలు చెప్పే బళ్ళో పిల్లలందరికీ ఆటలమ్మ పోసింది. వీడికి చిన్నప్పుడు రాలేదు. ఆయాసానికి మాత్రలు మింగి మింగి ఒంట్లో తట్టుకునే శక్తి లేదట, ఇప్పుడొస్తే ప్రాణం మీదికే వస్తుందన్నాడు డాక్టరు. నిన్న ఆస్పత్రిలో చేర్పించాం. ఈమధ్యే వచ్చి తగ్గినవాళ్ళ రక్తం కావాలట."

"రక్తం కాదండీ. అందులో పైన తేరే పసుప్పచ్చ నీళ్ళు."

"నీకెలా తెలుసు?"

"విన్నాలెండి."

"అది ఎక్కిస్తే ఇక రాదా?"

"రాకపోవచ్చు. వచ్చినా తేలిగ్గా పోవచ్చు. ఖాయంగా చెప్పలేరట. ఎక్కించేటప్పుడు చలి పుట్టినా, దద్దుర్లు లేచినా వెంటనే నర్సుకి చెప్పమనండి."

"ఆ నీళ్ళతో పాటు... ఆ మచ్చలు కూడా వాడికొస్తాయా, అమ్మాయ్?"

"మచ్చలు రావండీ. నా నోరొస్తుందేమో చూసుకోండి."

"నవ్వకే తల్లీ. నాకు భయంగా ఉంది. వాడొక్కడే నాకు."

"అడగండి మరి."

"ఏం మొహం పెట్టుకుని అడగను? ఇదుగో, వచ్చే ఆదివారమే చర్చిలో మీ ఇద్దరి పెళ్ళి చాటింపు వేయిస్తాను. ఒక్కసారి ఆస్పత్రికి రా."

"రానండీ."

"అంత మాటనకు. ఆ రోజు నేను..."

"నిన్న సాయంత్రమే వెళ్ళొచ్చానండీ. డాక్టరుగారు కబురంపారు. ఇదిగో, జాకెట్టు చెయ్యి కింద కట్టు. ఈపాటికి ఎక్కిస్తూ ఉంటారు."

"నిన్ననే ఇచ్చావా? ఇచ్చి, ఇంతసేపూ నన్ను ఏడిపించావుటే?"

"కొంచెమే కదండీ. లేవండి, వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి."

"వెళ్తాను. వెళ్తూ వెళ్తూ చాటింపుకి ఫాదరుగారికి చెప్పిపోనా?"

"తొందరేముందండీ. ముందు మీ అబ్బాయిని బాగా కోలుకోనివ్వండి. మొహాన మచ్చలు పడ్డాయనుకోండి, మేమూ ఆలోచించి చెబుతాం."